వరి మాగాణుల్లో నేలబారు కలుపు పాలిగోనం ప్లెబియం: వృక్ష లక్షణాలు, ఆవాసం

ఉత్తర కోస్తాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము, పెసర విత్తనాలను నిలిచిన పైరులోనే వెదజల్లడం పరిపాటి. ఈ పద్ధతిలో దుక్కి ఉండదు గనుక కలుపును తొలిదశలోనే సరిగా గుర్తించడం అవసరం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తెలుసుకోవలసిన అటువంటి మొక్కల్లో పాలిగోనం ప్లెబియం ఒకటి. రాబర్ట్ బ్రౌన్ 1810లో దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. మనం కూరగా వండుకొనే చుక్కకూర కూడా ఈ కుటుంబానికే, అనగా పాలిగోనేసీకే చెందినది.

ఆవాసం

ఇది తడి ఆరుతున్న నేలల మొక్క. నీరు తీసిన చెరువు గర్భాలు, నాగావళి, వంశధార వంటి నదుల ఒండ్రు ఇసుక మేటలు, కాలువ గట్లు, కోత అనంతరం మాగాణులు దీనికి అనుకూలం. నీరు నిలిచినంతకాలం కనిపించదు; నీరు తగ్గి నేల బయటపడగానే మొలకెత్తుతుంది. చలికాలం నుంచి వేసవి ఆరంభం వరకు పూత, కాయ సాగుతాయి. మినుము, పెసర ఎదిగే కాలమూ అదే.

వృక్ష లక్షణాలు

ఇది ఏకవార్షిక గుల్మం. వేరు మొదలు నుంచి సన్నని శాఖలు నలుదిక్కులా నేలపై చాపవలె పరచుకొంటాయి. కణుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆకులు చిన్నవి, సన్ననివి, ఏకాంతరంగా అమరినవి. తొడిమ దాదాపు ఉండదు. పొడవు సాధారణంగా ఒకటిన్నర సెంటీమీటరుకు మించదు. ప్రతి కణుపునూ పారదర్శకమైన పలుచని పొర గొట్టంవలె చుట్టి ఉంటుంది. పుచ్ఛాలు కలిసి ఏర్పడిన ఈ పొర అంచు చీలికలుగా ఉంటుంది. పూలు ఆకుల గ్రీవాలలో చిన్న గుంపులుగా పూస్తాయి. రంగు గులాబీ లేదా తెలుపు. పరిపత్రంలో ఐదు తమ్మెలుంటాయి. ఫలం మూడు పలకల, మెరిసే ముదురు గోధుమ రంగు ఎకీన్.

పోల్చి గుర్తించడం

నేలబారు యుఫోర్బియా జాతులతో దీనిని పొరబడే అవకాశం ఉంది. వాటిలో ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, తుంచితే పాలు కారతాయి. దీనిలో ఆ రెండూ లేవు. చెరువు అంచున నిటారుగా పెరిగే పెర్సికేరియా గ్లాబ్రాను పూర్వం పాలిగోనం ప్రజాతిలోనే చేర్చేవారు. కాని దాని ఆకులు గన్నేరు ఆకులవలె పొడవైనవి. పూలు కొమ్మల చివర కంకులుగా వస్తాయి. కణుపు వద్ద గొట్టంవంటి పొర రెండింటిలోనూ ఉన్నందున, పూలు గ్రీవంలో ఉన్నవా, కొమ్మ చివర ఉన్నవా అన్నది చూడాలి.

యాజమాన్యం

గుర్తింపులో పొరపాటు రైతుకు ఖర్చుగా మారుతుంది. ఇది ద్విదళబీజ మొక్క. కనుక గడ్డిజాతి కలుపుకు వాడే క్విజలోఫాప్ ఇథైల్ దీనిని అదుపు చేయదు. ఆకులు సన్నగా ఉన్నాయని గడ్డిగా భావించి ఆ మందును సిఫారసు చేయరాదు. తేమ ఉండగానే, కాయ కట్టకముందే వేరుతో పెరికివేయడం మేలు. ఆలస్యమైతే రాలిన గింజలు నేలలో చేరి మరుసటి రబీకి మొలకలవుతాయి. నీరు తీసిన మొదటి వారాల్లోనే మడిని పరిశీలించి, కణుపు పొరను చూసి నిర్ధారించుకోవడం విస్తరణ సిబ్బంది అలవరచుకోవలసిన పని.