బురుజు కట్టేముందు లెక్క



అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నడుమ కాపురముండే ఒక తండ్రి దివ్యపూజ తరువాత అడిగారు: "ఫాదర్‌గారూ, మా అమ్మాయి గ్రూప్స్ మానేసి బైబులు డిగ్రీ చదువుతానంటోంది. అది అన్నం పెడుతుందా?"

ప్రశ్నలో తప్పులేదు. బురుజు కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కవేసుకోవాలని ప్రభువే సెలవిచ్చారు (లూకా 14:28).

గురువిద్యార్థి చదువు భారం పీఠమో, మఠసభో మోస్తుంది. గృహస్థుల బిడ్డ భారం ఇంటిదే. ఫీజు, హాస్టలు, హెబ్రీ గ్రీకు భాషలకు పట్టే కాలం, ఆ కాలంలో రాని జీతం, నాలుగూ కూడాలి. మన పొరుగున లోయర్ ట్యాంక్‌బండ్‌లో ప్రొటెస్టెంటు సంఘాల ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కళాశాల (1964లో స్థాపితం) సెరంపూర్ సెనేట్ బి.డి. చదివిస్తోంది. ఎక్కడ చేరినా, ఆ పట్టా ఏ ఉద్యోగాలకు చెల్లుతుందో ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. తరువాత దొరికేది ఉపదేశి పని, బడిలో నీతిబోధ, అనువాదం. జీతం కొద్దే.

అందుకే చెప్పాను: ముందు బి.ఇడి. వంటి బ్రతుకుతెరువు, తోడుగా సాయంత్రం బైబులు. పునీత పౌలు గుడారాలు కుడుతూనే సువార్త చెప్పారు కదా!

మన లెక్కా ఒకటుంది. ఇంజనీరింగు చదువుకు అప్పుచేసే మనం, వాక్యం నేర్పేవారికి తగిన జీతమివ్వడానికి వెనుకాడితే, ఆ అమ్మాయి లెక్క తప్పించేది మనమే. లూకా 10:7 చదివి ఈ వారం ఇంట్లో మాట్లాడుకోండి.