అద్దంలాంటి నీళ్లతో జాగ్రత్త

ప్రశ్న: ఫ్లోరిడాలో ఉంటాను. కిట్ తెప్పించుకుని, నేలమీదా నీటిమీదా దిగే రెండు సీట్ల విమానం సొంతంగా కట్టుకున్నాను. మొన్న గాలి లేని ఉదయం సరస్సులో దిగుతుంటే ఎత్తు తెలియక నీటికి గట్టిగా తగిలింది. నా పొరపాటేమిటి?
– ఒక పాఠకుడు

జవాబు: మోసం చేసింది మీ కళ్లండీ. అల లేని నీటిలో ఆకాశమే కనబడుతుంది. ఉపరితలం ఎక్కడుందో పాతకాపు పైలట్లకూ అంతుపట్టదు. అలాంటప్పుడు నీటిని చూసి ఎత్తు అంచనా వేయకండి. ఒడ్డు పక్కనే, దాన్ని చూసుకుంటూ రండి. ముక్కు కాస్త పైకెత్తి, ఇంజిన్‌ను కొద్దిగా నడుపుతూ, నిమిషానికి 150 అడుగులకు మించకుండా దిగండి. నీటిని తాకేదాకా ఏమీ మార్చకండి. దీనికి చాలా దూరం పడుతుంది. చిన్న సరస్సయితే ఆ పూటకు మానేయండి.

నిజానికి నా భయం చక్రాల గురించి. రన్‌వే నుంచి లేచాక వాటిని ముడవడం మరిచి నీటిలో దిగితే విమానం తలకిందులవుతుంది. చక్రాల స్థితి చూపే లైటునొక్కదాన్నే నమ్మకుండా, "నీళ్లు, చక్రాలు పైన" అని పైకే అనుకుంటూ కళ్లారా చూసుకోండి.

లైఫ్ జాకెట్ ముందే తొడుక్కోండి, లోపల ఉండగా మాత్రం గాలి నింపకండి. బోల్తా పడితే తలుపు పిడి చేతికి దొరికాకే బెల్టు విప్పండి.

గట్టిగా తగిలిందన్నారు కాబట్టి, అడుగుభాగం, చక్రాల బిగింపులు మెకానిక్‌కు చూపించేదాకా మళ్లీ ఎగరకండి. లోపల నీరు చేరుతున్నా అంతే. తర్వాత సీప్లేన్ శిక్షకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఈ ల్యాండింగే సాధన చేయండి.