ఎడారి ఒడ్డున సముద్రం

సెలవుల్లో సముద్రతీరానికి వెళ్ళాలని ఎవరికి ఉండదు? సముద్రతీరం అనగానే మనకు కొబ్బరిచెట్లు, సరుగుడు తోటలు, ఉప్పుటేరులు, మబ్బు పట్టిన ఆకాశం గుర్తుకొస్తాయి. కాని కొబ్బరిచెట్టుకు బదులు నిలువెత్తు నాగజెముడు, సరుగుడు తోపుకు బదులు ఇసుక దిబ్బలు, వాటి పక్కనే నీలాల సముద్రం ఉన్న చోటు ఒకటుంది. అక్కడ ఒక్క అడుగు ఇటు వేస్తే ఎడారి, ఒక్క అడుగు అటు వేస్తే సముద్రం!

ఆ ఊరి పేరు ప్యూర్టో పెన్యాస్కో. మెక్సికో దేశంలో సొనోరా రాష్ట్రానికి చెందినది. స్పానిష్ భాషలో ప్యూర్టో అంటే రేవు, పెన్యాస్కో అంటే పెద్ద బండ. ఒకప్పుడు రొయ్యలు, చేపలు పట్టుకునే చిన్న పల్లె. ఇప్పుడు తీరం పొడవునా పెద్ద పెద్ద హోటళ్ళు లేచాయి. అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి సముద్రతీరం లేదు. సరిహద్దు దాటి వంద కిలోమీటర్లు వస్తే చాలు, ఈ ఊరు చేరవచ్చు. అందుకే సెలవు దొరికితే అక్కడి జనం ఇక్కడికి తరలివస్తారు.

అట్లాసు తీసి చూడండి. ఉత్తర అమెరికా ఖండానికి పడమటి వైపు, తోక లాగా కిందికి వేలాడే సన్నని ద్వీపకల్పం కనిపిస్తుంది. అదే బాహా కాలిఫోర్నియా. ఆ ద్వీపకల్పానికీ మెక్సికో ప్రధాన భూభాగానికీ మధ్య ఇరుక్కున్న పొడవాటి సముద్రమే కాలిఫోర్నియా సింధుశాఖ. దీని పొడవు 1,100 కిలోమీటర్ల పైచిలుకు. దాని పై కొసకు దగ్గరలో పెన్యాస్కో ఉంది.

అంత నీరు పక్కనుండగా ఎడారి ఎందుకు?

పెన్యాస్కోలో ఏడాది మొత్తం మీద కురిసే వాన 100 మిల్లీమీటర్ల లోపే. మనం కరువుసీమగా చెప్పుకునే అనంతపురంలో సుమారు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది. సముద్రం పక్కనే ఉంది, ఎండ మండిపోతోంది, నీరు ఆవిరవుతూనే ఉంది. మరి వాన ఎందుకు పడదు?

వాన పడటానికి గాలిలో ఆవిరి ఉంటే చాలదు. ఆ గాలి పైకి లేవాలి. పైకి పోయినకొద్దీ గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. అప్పుడే ఆవిరి నీటి బిందువులుగా మారి మబ్బు కడుతుంది. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన గాలి ఇలాగే పైకి లేచి, అక్కడ వాన కురిపించి, తేమ పోగొట్టుకుని ఉత్తరానికీ దక్షిణానికీ మళ్ళుతుంది. సుమారు 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర తిరిగి కిందికి దిగుతుంది. దిగే గాలి ఒత్తిడికి నలిగి వేడెక్కుతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు వెచ్చబడటం మీకు తెలుసు కదా! వేడెక్కిన గాలిలో మబ్బు కట్టదు. ఉన్న మబ్బు కూడా విరిగిపోతుంది. పెన్యాస్కో ఉన్నది సుమారు 31 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. సహారా, అరేబియా, థార్ ఎడారులు కూడా ఈ పట్టీలోనివో, దానికి దగ్గరలోనివో.

రెండో కారణం కొండలు. బాహా ద్వీపకల్పం మీద 3,000 మీటర్లు దాటిన శిఖరం కూడా ఉంది. పసిఫిక్ మహాసముద్రం నుంచి వచ్చే గాలులు తమ తేమను ఆ కొండల మీదనే వదిలేస్తాయి. పైగా ఆ తీరం వెంట ప్రవహించేది శీతల ప్రవాహం. చల్లని నీటి మీద గాలికి పైకి లేచే ఊపు ఉండదు. ఇన్ని కారణాలు ఒక్కచోట కలిశాయి కనుకనే సముద్రం ఒడ్డున ఎడారి పుట్టింది.

కాలే ఇసుక, చల్లని నీరు

ఎండాకాలం మధ్యాహ్నం ఆ తీరంలో చెప్పులు లేకుండా నడవలేం. అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. పరుగెత్తి నీళ్ళలోకి దిగితే ప్రాణం లేచి వస్తుంది. ఇసుకకూ నీటికీ ఎండ ఒక్కటే. మరి ఈ తేడా ఎందుకు?

ఒక గ్రాము ఇసుకను ఒక డిగ్రీ వేడి చేయడానికి కావలసిన వేడి కంటే, ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు అయిదు రెట్లు కావాలి. దీనినే నీటి విశిష్టోష్ణం ఎక్కువ అంటాం. అంతేకాదు, ఇసుకలో ఎండ పై పొరలోనే ఆగిపోతుంది. నీటిలో కిరణాలు లోతుకు చొచ్చుకుపోతాయి. అలలు ఆ వేడిని కలియబెడతాయి. రాత్రి దీనికి తారుమారు. ఇసుక చప్పున చల్లబడుతుంది, నీరు నెమ్మదిగా చల్లబడుతుంది. పగలు సముద్రం నుంచి నేల మీదికి, రాత్రి నేల నుంచి సముద్రం మీదికి గాలి మళ్ళడానికి కారణం ఇదే.

వెనక్కు పోయే సముద్రం

ఈ తీరానికి కొత్తగా వచ్చినవారిని అన్నిటి కంటే ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఆటుపోట్లు. ఉదయం హోటలు మెట్ల దాకా వచ్చిన సముద్రం మధ్యాహ్నానికి ఎక్కడికో వెళ్ళిపోతుంది! అమావాస్యకూ పౌర్ణమికీ పోటు నీటి మట్టానికీ ఆటు నీటి మట్టానికీ మధ్య తేడా 7 మీటర్ల దాకా ఉంటుంది. మన విశాఖపట్నంలో ఈ తేడా ఒకటిన్నర మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది.

సూర్యచంద్రుల ఆకర్షణ అందరికీ ఒక్కటే కదా, ఇక్కడే ఇంత తేడా ఎందుకు? ఉయ్యాలను గుర్తు తెచ్చుకోండి. ఉయ్యాల ఊగే వేళకు సరిగ్గా సరిపడేలా చిన్న చిన్న తోపులు ఇస్తే, అది క్రమంగా ఎంతో ఎత్తుకు పోతుంది. దీనిని అనునాదం అంటారు. సింధుశాఖలోని నీటికి కూడా, తొట్టెలో నీటికి లాగా, తనదైన ఊగే వేళ ఒకటుంది. పసిఫిక్ పోటు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి సింధుశాఖ నోటి దగ్గర తోపు ఇస్తుంది. ఈ రెండు వేళలూ దగ్గర దగ్గరగా ఉండటం వల్ల మూసుకుపోయిన పై కొసలో నీరు బాగా ఎగదన్నుతుంది. పైకి పోయినకొద్దీ సముద్రం లోతు తగ్గడం కూడా దీనికి తోడవుతుంది.

ఒక లెక్క చేద్దాం. తీరం ఏటవాలు నూటికి ఒకటి అనుకోండి. అంటే నీరు ఒక మీటరు పెరిగితే ఒడ్డు వైపు 100 మీటర్లు ముందుకు వస్తుంది. నీరు 7 మీటర్లు పెరిగితే 700 మీటర్లు! దీనికి పట్టే కాలం సుమారు ఆరు గంటలు. కాని నీరు ఎప్పుడూ ఒకే వేగంతో పెరగదు. మొదటి గంట, చివరి గంట నెమ్మదిగానూ, మధ్య గంటల్లో వేగంగానూ పెరుగుతుంది. మూడో గంటలోనూ, నాలుగో గంటలోనూ మొత్తంలో నాలుగో వంతు చొప్పున, అంటే గంటకు 1.75 మీటర్లు పెరుగుతుంది. గంటకు 175 మీటర్ల నేల మునుగుతుందన్నమాట. దూరాన ఉన్న రాళ్ళ మీద గవ్వలు ఏరుకుంటూ మైమరచిపోయినవారికి ఈ లెక్క తెలియకపోతే వెనక దారి నీళ్ళపాలవుతుంది.

నీరు వెనక్కు పోయినప్పుడు బండల సందుల్లో చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. నక్షత్రచేపలు, శంఖాలలో కాపురముండే పీతలు, సముద్ర దోసకాయలు, అప్పుడప్పుడు చిన్న ఆక్టోపస్‌లు వాటిలో కనిపిస్తాయి. మళ్ళీ పోటు వచ్చేదాకా ఎండకు కాగి, ఉప్పదనం పెరుగుతున్న ఆ కాసిని నీళ్ళలోనే అవి ప్రాణాలు నిలుపుకోవాలి. వాటిని ముట్టకుండా చూడటమే మర్యాద. లోతులేని నీళ్ళలో నడిచేటప్పుడు మాత్రం పాదం ఎత్తి వేయకుండా ఇసుక మీద ఈడ్చుకుంటూ నడవాలి. ఇసుకలో దాగిన టేకు చేపకు తోక మీద విషపు ముల్లు ఉంటుంది. అలికిడి అయితే అదే తప్పుకుంటుంది, తొక్కితేనే పొడుస్తుంది.

ఈ ఆటుపోట్లనే పంచాంగంగా చేసుకున్న చేప ఒకటుంది. దాని పేరు గ్రునియన్. అమావాస్య, పౌర్ణమి పోట్ల వేళ ఈ చేపలు అలల మీద తేలివచ్చి ఒడ్డుకు చేరతాయి. ఆడచేప తోకతో తడి ఇసుకను తొలుచుకుని గుడ్లు పెడుతుంది. ఆ తర్వాతి రోజుల్లో పోట్లు అంత ఎత్తుకు రావు. గుడ్లు ఇసుక కింద భద్రంగా ఉంటాయి. సుమారు రెండు వారాలకు మళ్ళీ పెద్ద పోటు వచ్చి ఇసుకను కదిలించగానే గుడ్లు పగిలి పిల్లలు సముద్రంలోకి కొట్టుకుపోతాయి.

సముద్రమూ కొత్తదే, ఇసుకా వలస వచ్చినదే

కొన్ని పదుల లక్షల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం లేదు. బాహా ద్వీపకల్పం మెక్సికోకు అంటుకునే ఉండేది. సుమారు 60 లక్షల ఏళ్ళ కిందటికల్లా అది విడివడసాగింది. పడిన చీలికలోకి పసిఫిక్ నీరు చొరబడింది. ఆ కదలిక ఈనాటికీ ఆగలేదు. ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ద్వీపకల్పం వాయవ్యానికి జరుగుతూనే ఉంది. దాదాపు మీ చేతి గోళ్ళు పెరిగే వేగం అంతే!

ఊరికి ఉత్తరాన పినకాతే అనే అగ్నిపర్వతాల ప్రాంతం, దాని పక్కన ఆల్టార్ మహా ఎడారి ఉన్నాయి. పినకాతేలో దాదాపు గుండ్రంగా ఉన్న లోతైన బిలాలు చూస్తే చంద్రుడి మీద ఉన్నామా అనిపిస్తుంది. 1960లలో అపోలో వ్యోమగాములు ఇక్కడ శిక్షణ పొందారు. ఎడారిలో నక్షత్రం ఆకారంలో ఇసుక దిబ్బలున్నాయి. కొన్ని 200 మీటర్ల ఎత్తుంటాయి. గాలి ఒకే వైపు నుంచి వీస్తే దిబ్బ నెలవంకలా తయారవుతుంది. ఋతువుకొక దిక్కు నుంచి వీస్తే నక్షత్రంలా తయారవుతుంది. ఈ ప్రాంతాన్ని 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ఇంత ఇసుక ఎక్కడిది? కొలరాడో నది తెచ్చింది. 2,300 కిలోమీటర్లకు పైగా ప్రవహించే ఈ నది రాకీ పర్వతాలను అరగదీసి, గ్రాండ్ కాన్యన్ లోయను తొలిచి, ఆ పిండినంతా ఈ సింధుశాఖ కొసకు చేర్చింది. గాలి దాన్ని ఎగరేసి దిబ్బలుగా పోసింది.

రాని నది, మిగిలిన పదిమంది

మరి ఆ నది ఇప్పుడెక్కడ? 1935లో హూవర్ ఆనకట్ట కట్టారు. 1963లో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వెనక నీరు నింపసాగారు. కాలువలు నీటిని పొలాలకూ నగరాలకూ మళ్ళించాయి. ఆ నీటితో లక్షల ఎకరాలు పండుతున్నాయి, కోట్లమంది గొంతు తడుపుకుంటున్నారు. కాని చాలా సంవత్సరాలలో నది సముద్రాన్ని చేరడం లేదు. 2014 మార్చిలో అమెరికా, మెక్సికో దేశాలు ఒప్పందం ప్రకారం కొంత నీటిని కిందికి వదిలాయి. ఎండిన కాలువలో పారే నీటిని చూడటానికి జనం పండుగలా వచ్చారు. మే నెలలో ఆ నీరు సముద్రాన్ని తాకింది. ఆ తర్వాత నది పాయ మళ్ళీ ఎండిపోయింది.

నదీముఖాలలో నీరు మామూలుగా తక్కువ ఉప్పగా ఉంటుంది. ఇక్కడ తీపి నీరు రాదు, వాన లేదు, ఎండకు నీరు ఆవిరవుతూనే ఉంటుంది. కనుక పై కొసకు పోయినకొద్దీ సముద్రం మరింత ఉప్పగా ఉంటుంది!

ఈ కొసలోనే, పెన్యాస్కోకు పడమట, వాకీటా అనే జంతువు నివసిస్తుంది. ఆ పేరుకు స్పానిష్‌లో చిన్న ఆవు అని అర్థం. తిమింగలాల, డాల్ఫిన్ల బంధువర్గంలో అతి చిన్నదైన జాతులలో ఇది ఒకటి. పొడవు ఒకటిన్నర మీటర్లే. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. శాస్త్రజ్ఞులు దీనికి పేరు పెట్టిందే 1958లో. 1997లో జరిపిన సర్వేలో వీటి సంఖ్య 570 దరిదాపులుగా తేలింది. 2023 సర్వేలో కనిపించినవి సుమారు పది!

వీటిని ఎవరూ కావాలని వేటాడలేదు. ఇవి చేపలు కావు, స్తన్యజీవులు. గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. చేప తల దూర్చగానే మొప్పల దగ్గర బిగుసుకునే నిలువు వలలలో చిక్కుకుంటే ఊపిరాడక చనిపోతాయి. ఆ వలలు రొయ్యల కోసం, టొటోయాబా అనే పెద్ద చేప కోసం వేసేవి. టొటోయాబా పొట్టలోని గాలితిత్తికి చైనాలో విపరీతమైన ధర పలుకుతుంది. ఆ చేప వేటను 1975లోనే నిషేధించారు. 2017లో ఈ ప్రాంతంలో చాలా రకాల నిలువు వలలను శాశ్వతంగా నిషేధించారు. అయినా దొంగచాటు వేట ఆగలేదు. వలలు తప్ప వేరే బతుకుతెరువు లేని బెస్తలకు మరో దారి చూపకుండా చట్టం ఒక్కటే చేస్తే చాలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉప్పునీటిని మంచినీరుగా మార్చుకోలేమా?

ఎడారి ఊరికి యాత్రికులు పెరిగితే నీటి ఖర్చూ పెరుగుతుంది. కళ్ళెదుట సముద్రమంత నీరుంది, తాగడానికి పనికిరాదు. 1960లలో అరిజోనా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఈ ఊళ్ళోనే సూర్యరశ్మితో సముద్రపు నీటిని ఆవిరి చేసి మంచినీరు తీసే ప్రయోగాలు చేశారు. అది సాధ్యమే, కాని సులభం కాదు. ఒక లీటరు నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగే దాకా కాయడానికి పట్టే వేడికి సుమారు ఏడు రెట్లు, ఆ మరిగే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి కావాలి. కనుక ఎడారిలో ఒక బిందె మంచినీటి విలువను అది తయారు కావడానికి పట్టే శక్తితో లెక్క కట్టాలి.

చేసి చూడండి

పొడవాటి పళ్ళెంలో సగం దాకా నీరు పోయండి. ఒక కొసను కొద్దిగా ఎత్తి దించండి. మొదట చాలా నెమ్మదిగా, తర్వాత చాలా వేగంగా, చివరికి నీరు అటూ ఇటూ ఊగే వేళకు సరిపడేలా చేయండి. ఏ వేగానికి నీరు రెండో కొసన ఎక్కువ ఎత్తుకు లేచింది? తక్కువ నీరు పోసి మళ్ళీ చేయండి. ఆ వేళ మారిందా?

ఆలోచించండి

1. గ్రునియన్ చేప ఏడో రోజు చంద్రుడున్నప్పుడు, అంటే చిన్న పోటు నాడు గుడ్లు పెడితే ఏమవుతుంది?

2. నది తెచ్చే ఒండ్రు ఆగిపోతే, వందేళ్ళకు ఆ నదీముఖంలోని నేల పెరుగుతుందా, తరుగుతుందా? ఎందుకు?

3. మీరే ఆ ఊళ్ళో హోటలు నడుపుతున్నారనుకోండి. రొయ్యలు కొనేముందు బెస్తవారిని ఏమడుగుతారు? వాకీటా బతకడానికి ఆ ఒక్క ప్రశ్న ఎలా సాయపడుతుంది?