జత కుదిరింది, మాట కలవలేదు

దసరా సెలవులకు మా ఊరు దేవరుప్పుల వెళ్లా. జనగామ నుంచి సూర్యాపేట వెళ్లే రోడ్డు మీద ఉంటుంది మా ఊరు. సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం, మా వాడకట్టు ఆడవాళ్లు తలా కొంత వేసుకుని కొన్న బ్లూటూత్ స్పీకర్‌ను అరుగు మీద పెట్టారు. పాటలు మా పెద్దమ్మ ఫోన్‌లోంచి వస్తున్నాయి. ఆట మంచి ఊపు మీద ఉండగా పెద్దమ్మ ఆ ఫోన్ పట్టుకునే సత్తుపిండి తేవడానికి ఇంట్లోకి వెళ్లింది. పాట తెగింది. స్పీకర్ "డిస్‌కనెక్టెడ్" అంది. కాసేపటికి "కనెక్టెడ్" అంది. అందరూ మళ్లీ చప్పట్లకు చేతులు ఎత్తారు. పాటకు బదులు "జత ఇరవై వేలు, జత ఇరవై వేలు" అని గొర్లు అమ్మే మనిషి గొంతు వినబడింది!

ఆ వీడియో చూస్తున్నది గోడ అవతల కూర్చున్న మా కాక. తన ఫోన్‌లో చప్పుడు రావట్లేదని ఆయన సౌండ్ పెంచుతూనే ఉన్నాడు.

"నువ్వు కంప్యూటర్ చదువుతున్నవు గద బిడ్డా, గిదేందో చూడు" అంది పెద్దమ్మ. రెండు నిమిషాల్లో సరిచేశా. అప్పుడు ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. "కనెక్టెడ్ అన్నది గద. ఎవలికి కనెక్ట్ అయినట్టురా?"

పెయిరింగ్, ప్రొఫైల్, ఆథెంటికేషన్ అంటూ మొదలుపెట్టా. "తెలుగుల చెప్పరాదురా" అంది. చెప్పలేకపోయా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం చదువు కదా, తెలిసిన విషయం కూడా ఇంట్లో వాళ్లకు చెప్పడానికి మాటలు దొరకలేదు. ఆ రోజు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నా.

పేరు సంగతి

1994లో స్వీడన్‌లోని ఎరిక్‌సన్ కంపెనీలో జాప్ హార్ట్‌సెన్ అనే ఇంజనీరు, తన బృందంతో కలిసి, వైరు లేకుండా దగ్గరలో ఉన్న వస్తువులను కలిపే రేడియో మీద పని మొదలుపెట్టాడు. 1998లో ఎరిక్‌సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా ఒక సంఘంగా ఏర్పడ్డాయి. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హరాల్డ్ రాజుకు నీలిపన్ను అనే అర్థం వచ్చే బిరుదు ఉండేది. విడివిడిగా ఉన్న తెగలను కలిపిన రాజు కాబట్టి, వేరువేరు కంపెనీల వస్తువులను కలిపే పద్ధతికి ఆయన పేరు పెట్టారు. మనం ఫోన్‌లో చూసే గుర్తు కూడా ఆయన పేరులోని రెండు పాత అక్షరాలను కలిపి గీసిందే.

మూడు మెట్లు

మనలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. బ్లూటూత్ కలపడం ఒక్క పని అనుకుంటాం. నిజానికి మూడు పనులు.

మొదటిది కనబడటం. స్పీకర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే లైటు మిణుకుమిణుకుమంటుంది. అంటే "నేను ఇక్కడ ఉన్నా, చూడండి" అని చుట్టుపక్కల వాటికి చెబుతోందన్నమాట.

రెండోది జత కట్టడం. ఇది పరిచయం లాంటిది. ఫోన్, స్పీకర్ ఒక రహస్య తాళంచెవి తయారు చేసుకుని రెండూ దాచుకుంటాయి. ఒక్కసారి జరిగితే చాలు.

మూడోది కలవడం. పరిచయం ఉన్నవాళ్లు ఇవాళ వచ్చి కూర్చుని మాట్లాడటం లాంటిది. ఇది రోజూ కొత్తగా జరగాలి.

ఇప్పుడు బతుకమ్మ రోజు ఏం జరిగిందో చూడండి. మామూలు స్పీకర్లు ఇల్లు దాటి పెద్దగా అందవు. ఆరుబయట సుమారు 10 మీటర్లు అనుకుంటే, మధ్యలో గోడలు వస్తే ఇంకా తగ్గుతుంది. పెద్దమ్మ లోపలికి వెళ్లగానే కలయిక తెగింది, కానీ జత చెడలేదు. మా కాక కూడా వినాయక చవితికి అదే స్పీకర్‌తో జత కట్టి ఉన్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన తన ఫోన్‌లో బ్లూటూత్ ఆన్ చేశాడు. ఫోన్ పాత పరిచయాన్ని గుర్తుపట్టి కలిసిపోయింది. అంటే ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. తప్పల్లా ఆ స్పీకర్ "కనెక్టెడ్" అని ఊరుకోవడం. ఎవరితో అన్నది చెప్పలేదు.

జత కట్టేటప్పుడు రెండు ఫోన్ల మీద ఒకే ఆరంకెల నంబరు వస్తుంది, గమనించారా? అది ఊరికే రాదు. రెండు చోట్లా నంబరు ఒకటే అయితే మీరు కలుస్తున్నది సరైన ఫోన్‌తోనే అని అర్థం. 2007లో వచ్చిన 2.1 వెర్షన్‌తో ఈ పద్ధతి మొదలైంది. అంతకుముందు 0000 లేదా 1234 అని కొట్టేవాళ్లు. స్పీకర్‌కు తెర లేదు కాబట్టి నంబరు చూపించలేదు, అడగకుండానే ఒప్పేసుకుంటుంది. పాటలకైతే ఫర్వాలేదు.

సందట్లో ఎలా వినబడుతుంది?

బ్లూటూత్ వాడేది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే ఉంటాయి. మన దేశంలో ఈ బ్యాండును తక్కువ శక్తితో లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చని 2005లో ప్రభుత్వం ప్రకటించింది. అందరూ రావచ్చు కాబట్టి రద్దీ ఎక్కువ.

దీనికి ఉపాయం గెంతడం. పాటలు పంపే మామూలు బ్లూటూత్ ఆ బ్యాండును 79 దారులుగా చేసుకుని, సెకనుకు 1600 సార్లు ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుంది. ఏ వరసలో గెంతాలో కలిసిన రెండింటికే తెలుసు. 2003లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి, రద్దీగా ఉన్న దారులను వదిలేసి ఖాళీ దారుల్లోనే గెంతడం కూడా నేర్చుకుంది. అందుకే జాతరలో పక్కపక్కనే పది ఇయర్‌ఫోన్లు పనిచేసినా ఎవరి పాట వాళ్లకు వస్తుంది.

ఇంకో చిన్న సంగతి. మన ఒంట్లో నీరు ఎక్కువ, ఆ నీరు ఈ రేడియోను పీల్చుకుంటుంది. ఫోన్ వెనక జేబులో పెట్టుకుని నడిస్తే పాట తెగుతూ ఉంటుంది కదా, అడ్డం వచ్చేది మనమే.

ఊళ్లోకి ఎలా వచ్చింది?

మా కాక చెప్పేవాడు, వాళ్ల రోజుల్లో పాటలు కావాలంటే సెల్ షాపులో డబ్బులిచ్చి మెమరీ కార్డులో ఎక్కించుకునేవాళ్లట. ఒకరు ఎక్కించుకుంటే మిగతా దోస్తులంతా బ్లూటూత్‌తో లాక్కునేవాళ్లు. నెట్ ఖర్చు లేదు, బ్యాలెన్స్ అక్కర్లేదు. 5 ఎంబీ పాటకు ఆ కాలం ఫోన్లలో ఎంత బాగా పనిచేసినా 20 సెకన్లు పడుతుంది. సినిమా అయితే ఇక తెల్లారినట్టే. అందుకే తర్వాత వైఫైతో పంపే షేరిట్, జెండర్ వచ్చాయి. 2020 జూన్‌లో కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ ఉన్నాయి. ఇప్పటి క్విక్ షేర్‌లో ఎదుటి ఫోన్‌ను వెతకడం బ్లూటూత్ పని, పెద్ద ఫైలును మోయడం వైఫై పని.

కిరాణా షాపులో "డబ్బులు అందాయి" అని చెప్పే డబ్బాను కూడా మా ఊళ్లో కొందరు బ్లూటూత్ డబ్బా అంటారు. అది మామూలుగా లోపలున్న సిమ్‌తో నెట్ ద్వారా పనిచేస్తుంది. షాపు ఆయన ఫోన్ ఇంట్లో ఉన్నా అది పలికేది అందుకే.

రేషన్ కాంటా దగ్గర

పాటకు బదులు గొర్ల బేరం వినబడితే నవ్వుకుంటాం. బియ్యం దగ్గర అలా నవ్వలేం. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. రేషన్ షాపులో వేలిముద్ర తీసుకునే మిషన్ ఒకటి, కాంటా ఒకటి. రెండింటికీ సంబంధం లేకపోతే మిషన్‌లో 24 అని ఉంటుంది, సంచిలో ఎంత ఉందో కాంటాకే తెలుసు. ఈ రెండింటినీ కలిపేలా రాష్ట్రాలను ప్రోత్సహించడానికి 2021లో కేంద్రం నిబంధనలు సవరించింది. కలపడానికి ఒక మార్గం బ్లూటూత్. అప్పుడు తూకం ఎవరూ టైప్ చేయకుండా నేరుగా మిషన్‌లోకి వెళుతుంది.

మా చుట్టాల ఊళ్లో నానమ్మతో వరసలో నిలబడ్డప్పుడు ఇది చూశా. కాంటా బ్యాటరీ అయిపోవచ్చింది, కలయిక తెగింది. అరగంట వరస ఆగింది. కూలి పని వదులుకుని వచ్చినవాళ్లు ఎండలో ఉన్నారు. తెర మీద వచ్చిన ఒక్క ఇంగ్లీషు ముక్క ఎవరికీ అర్థం కాలేదు. నాకు అప్పుడు పెద్దమ్మ ప్రశ్న గుర్తొచ్చింది. ఎవలికి కనెక్ట్ అయినట్టు? ఈ మిషన్ ఈ కాంటాతోనే కలిసిందా? తూకం అందిందా? ఇవి వరసలో ఉన్న మనిషికి కనబడాలి. ఒక సంగతి మాత్రం మరవొద్దు. కాంటా చూపిన అంకెను బ్లూటూత్ మార్చకుండా మోస్తుంది, అంతే. కాంటానే తప్పు తూస్తే అది పట్టుకోలేదు.

ఇంట్లో వాళ్లకు నేర్పేటప్పుడు

స్పీకర్‌కు, ఇయర్‌ఫోన్‌కు ఫోన్‌లో తెలుగు పేరు పెట్టండి. అర్థం కాని అంకెల పేరు కన్నా "అమ్మ స్పీకర్" నయం.

కలవకపోతే వెంటనే జత తీసేయకండి. ముందు ఇంట్లో ఇంకెవరి ఫోన్‌తో కలిసి ఉందో చూడండి.

అడగని నంబరు తెర మీద వస్తే ఒప్పుకోవద్దని పెద్దవాళ్లకు చెప్పండి.

రేపు మనలో ఎవరో ఒకరం ఇలాంటి కాంటాకో, స్పీకర్‌కో కోడ్ రాస్తాం. "కనెక్టెడ్" అని రాసి వదిలేయకుండా "పెద్దమ్మ ఫోన్‌తో కలిసింది" అని పలికించడానికి ఎన్ని లైన్లు ఎక్కువ పడతాయి? స్పీకర్‌కు ఫోన్ పేరు ఎలాగూ తెలుసుకునే వీలుంది.

ఇదంతా మొన్న ఫోన్‌లో పెద్దమ్మకు తెలుగులోనే చదివి వినిపించా. మొత్తం విని, "గంతేనా? గది ఆ రోజే చెప్తే అయిపోవు గద" అంది.