నా ఐడీ కార్డులో 'వి' అంటే వెంకట

ఫస్టియర్‌లో కాలేజీ ఐడీ కార్డు తీసుకెళ్లి తాతయ్యకి చూపించా. కళ్లజోడు పెట్టుకుని చదివి, "మరి వెంకట ఏదిరా?" అన్నారు. ఆయన పేరు వెంకటేశ్వర్లు. ఆయన పేరు కలవాలనే నా పేరు ముందు వెంకట పెట్టారు. టెన్త్ మెమోలో పూర్తిగానే ఉంది. ఐడీ కార్డు ఫారంలో మాత్రం పొడుగైపోతోందని నేనే 'వి' చేసేశా. ఆయన ఇంకేం అనలేదు. నాకే ఏదోలా అనిపించి, అసలు ఆ పేరు కథేంటో చూద్దామని కూర్చున్నా.

మొదట కొండ పేరు

వేంకటం అంటే కొండ. పాత తమిళ గ్రంథం తొల్కాప్పియం ముందుమాటలో తమిళ నేలకి ఉత్తరపు హద్దుగా చెప్పిన 'వేంగడం' మన తిరుమల కొండే. ఆ కొండకి ఈశ్వరుడు, అంటే ప్రభువు, కాబట్టి వేంకటేశ్వరుడు. 'వేం' అంటే పాపాలు, 'కట' అంటే కాల్చేయడం అని పురాణాలు ఇంకో అర్థం చెప్తాయి.

చివర 'ర్లు' ఎందుకు?

ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఇదే బాగా నచ్చిన భాగం. 'డు'తో ముగిసే పేరుని గౌరవంగా చెప్పాలంటే తెలుగులో బహువచనం వాడతారు. రాముడు రాములు, ఆంజనేయుడు ఆంజనేయులు. అలాగే వేంకటేశ్వరుడు వేంకటేశ్వరులు. మాట్లాడేటప్పుడు 'రు'లోని ఉకారం జారిపోయి 'ర్లు' అయింది, మొదటి 'వే' పొట్టిదై 'వె' అయింది. కోటేశ్వర్లుకీ ఇదే రూల్. అంటే ఆ 'లు'లోనే ఒక 'గారు' ఉందన్నమాట.

మారుతూ వచ్చిన రూపాలు

1586 నుంచి 1614 దాకా ఏలిన విజయనగర రాజు వెంకటపతి రాయలు. జాతీయ జెండా అనగానే గుర్తొచ్చేది పింగళి వెంకయ్య. ఘంటసాల పూర్తి పేరు వెంకటేశ్వరరావు. తిరుపతి వెంకట కవుల్లో ఇద్దరి పేర్లూ ఆ కొండవే. చాలా ఇళ్లకి ఆయనే ఇలవేల్పు, పిల్లలు పుట్టాలని మొక్కుకునేదీ ఆయనకే. అందుకే ఇంటికొక వెంకన్న.

తర్వాత పేరు చివర మారింది. అచ్చతెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి. రమేష్, సురేష్‌ల కాలం వచ్చాక వెంకటేశ్వర్లు కూడా హల్లుతో ముగిసే వెంకటేష్ అయ్యాడు. 1986లో 'కలియుగ పాండవులు'తో హీరో అయినాయన పేరు అదే. 2004కి సినిమా పేరే 'వెంకీ'.

ఇప్పుడు?

మా సెక్షన్ అటెండెన్స్‌లో వెంకటేశ్వర్లు ఒక్కడూ లేడు. కానీ టెన్త్ మెమోలు తీసి చూస్తే నాతో కలిపి ఐదుగురు 'వెంకట'లు తేలారు. తండ్రి పేరు దగ్గరైతే వెంకటేశ్వర్లు, శ్రీనివాసులు బోలెడు. కాబట్టి పేరు పోలేదు. పిలిచే పేరు కాస్తా రాసే పేరైంది, అది కాస్తా ఇనిషియల్ అయింది.

ఇక్కడే నాకు భయం. ఫైల్‌ని జిప్ చేస్తే మళ్లీ విప్పుకోవచ్చు. 'వి'ని మాత్రం విప్పలేం. అది వెంకటా, వీరా, విజయా అని రేపు నా పిల్లలకి ఎవరు చెప్తారు? పేరుతోపాటు అది ఎవరి గుర్తుగా పెట్టారో కూడా పోతుంది.

ఈ వారం రెజ్యూమెలో పేరు పూర్తిగా రాశా. లైన్ దాటింది, ఫాంట్ ఒక సైజు తగ్గించా. మీ పేరు ముందు కూడా ఒక అక్షరం ఉంటే, ఈసారి ఇంటికెళ్లినప్పుడు అది ఎవరిదో అడగండి.