కళాశాల లాక్రాస్ - క్రీడాకారుల వలస

లాక్రాస్ ఉత్తర అమెరికా ఆదివాసుల క్రీడ. హౌడెనోషోనీ ప్రజలు దీనిని వినోదంగానే గాక దైవప్రీతికరమైన కార్యంగా కూడా భావించారు. కొనకు వల కట్టిన కర్రతో చిన్న రబ్బరు బంతిని అందుకొని, పరుగెడుతూ, తోటివారికి అందిస్తూ, ప్రత్యర్థుల గోలులోనికి విసరడం ఇందలి ప్రధానాంశం. అమెరికా కళాశాలల పురుషుల జట్లకు ఎన్.సి.ఎ.ఎ. అనే క్రీడాసంఘం 1971 నుండి ఛాంపియన్‌షిప్ పోటీలను నిర్వహిస్తున్నది.

ఉన్నత పాఠశాలలలోనే ప్రతిభావంతులను గుర్తించి, నాలుగేళ్లు తీర్చిదిద్దడం శిక్షకులు చిరకాలంగా అనుసరించిన మార్గం. కళాశాల మారదలచిన విద్యార్థి ఒకప్పుడు పాత కళాశాల అనుమతికై ఎదురుచూడవలసి వచ్చేది. 2018 అక్టోబరులో ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ ఏర్పడడంతో ఆ అవసరం తొలగిపోయింది. తన ఉద్దేశాన్ని తెలియజేస్తే చాలు, అతని పేరు పట్టికలో చేరుతుంది. ఇతర శిక్షకులు అతనిని సంప్రదించవచ్చు. 2020లో కోవిడ్ వలన పోటీలు మధ్యలోనే రద్దయినప్పుడు క్రీడాకారులకు అదనంగా ఒక సంవత్సరం ఆడే అవకాశం లభించింది. ప్రిన్స్‌టన్, యేల్, కార్నెల్ వంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు పట్టభద్రులైన వారిని సాధారణంగా ఆడనివ్వవు. అందువలన అక్కడి మేటి ఆటగాళ్లు పలువురు ఇతర విశ్వవిద్యాలయాల తలుపు తట్టారు.

ఈ వలస ఫలించిన తీరుకు షార్లెట్ నార్త్ చక్కని ఉదాహరణ. ఆమె డ్యూక్‌లో రెండేళ్లు ఆడి, 2019లో బోస్టన్ కాలేజీకి మారింది. ఆ కళాశాల మహిళల జట్టు 2017, 2018, 2019 సంవత్సరాలలో వరుసగా తుదిపోరుకు చేరి, మూడుసార్లూ ఓడిపోయింది. గెలుపు గడప దాకా వచ్చి వెనుదిరగడంలోని వేదన ఆ జట్టుకు తెలిసినంతగా మరెవరికీ తెలిసి ఉండదు. 2021లో నార్త్ ఒక్క సీజనులోనే 102 గోలులు సాధించింది. నాటికి అది రికార్డు. సిరక్యూస్‌తో జరిగిన తుదిపోరులో ఆరు గోలులు ఆమెవే. 16-10 తేడాతో బోస్టన్ కాలేజీ తొలిసారి విజేత అయింది. అయితే మూడు ఓటములతో రాటుదేలిన జట్టు ముందే సిద్ధంగా ఉన్నదనే విషయం మరువరాదు. ఆమె కట్టినది శిఖరమే గాని పునాది కాదు.

పునాది చాలనిచోట ఏమగునో అదే ఏడాది పురుషుల పోటీలు చూపాయి. ప్రిన్స్‌టన్‌లో అసాధారణంగా రాణించిన మైకేల్ సవర్స్ డ్యూక్‌లో చేరాడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు అందరి చూపూ అతనిపైనే నిలిచింది. కాని సెమీఫైనల్‌లో డ్యూక్ 5-14 తేడాతో మేరీల్యాండ్ చేతిలో ఓడింది. రక్షణశ్రేణికి పరస్పర సంకేతాలు అలవడడానికి కాలం పడుతుంది. ఒక్కరి రాకతో అది సమకూరదు.

2022లో మేరీల్యాండ్ ఆడిన 18 ఆటలూ గెలిచింది. తుదిపోరులో ఆ జట్టు 9-7తో ఓడించినది కార్నెల్‌ను. మేరీల్యాండ్ పక్షాన ఆడిన జొనాథన్ డాన్‌విల్ పూర్వం కార్నెల్ విద్యార్థి. నాడు ఎదుట నిలిచినవారు అతని పాత సహచరులే. మరుసటి ఏడు యేల్ నుండి వచ్చిన బ్రయన్ టెవ్లిన్ అదనపు సమయంలో సాధించిన గోలుతో నోటర్‌డేమ్ తుదిపోరుకు చేరి, తొలిసారి విజేతగా నిలిచింది. ఆ జట్టు గోలు కాచిన లియామ్ ఎంటెన్‌మన్ మాత్రం మొదటినుండీ అక్కడివాడే.

ఈ లెక్కలో కనిపించనివారూ ఉన్నారు. 2025 వరకు మొదటి శ్రేణి పురుషుల జట్టుకు అనుమతించిన ఉపకార వేతనాలు 12.6 మాత్రమే. ఇంచుమించు యాభైమంది ఉండే జట్టులో వాటినే ముక్కలుగా పంచేవారు. కొత్తవానికి ఇచ్చిన వాటా మరొకరికి దక్కనిదే. తన వంతుకై రెండేళ్లు బెంచీపై వేచిన విద్యార్థి స్థానంలో ఇంకొకడు వచ్చి నిలుస్తాడు. అప్పుడు ఆ విద్యార్థి కూడా పట్టికలో తన పేరు నమోదు చేసుకొంటాడు.