దౌర్జన్యాన్ని మౌనంగా భరించడం సబ్ర్ కాదు

భర్త చేతిలో దెబ్బలు తిని పుట్టింటికి చేరిన కూతురికి మన ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "సబ్ర్ చెయ్యమ్మా, నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది." తెల్లవారగానే ఆమెను తిరిగి కాపురానికి పంపేస్తారు. సబ్ర్ గొప్ప సుగుణమే. కాని ఆ పేరుతో బాధితురాలి నోరు మూయించడం ధర్మమేనా? ఇలాంటి ఫిర్యాదు తన వద్దకు వచ్చినప్పుడు దైవప్రవక్త (స) ఏం చేశారో చూద్దాం.

హజ్రత్ హబీబా బిన్తె సహ్ల్ (రజి)ను భర్త సాబిత్ బిన్ ఖైస్ (రజి) కొట్టి గాయపరిచారు. దైవప్రవక్త (స) ఫజ్ర్ నమాజు కోసం బయటికి వచ్చేసరికి, ఆ చీకట్లో ఆమె ఆయన గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. ఆయన సంగతేమిటని అడిగారు, ఆమె మాట విన్నారు, భర్తను పిలిపించారు. మెహర్‌గా ఇచ్చిన తోటలను తిరిగి తీసుకుని ఆమెను విడిచిపెట్టమని ఆదేశించారు (అబూదావూద్). సాబిత్ (రజి) అన్సార్లలో పేరుపొందిన వక్త. అయినా ఆయన హోదా ఆమె ఫిర్యాదుకు అడ్డు రాలేదు. "సర్దుకుపో" అని ఆమెను వెనక్కి పంపడం జరగలేదు.

కొందరు అన్నిసా సూరాలోని 34వ ఆయతును తమ చేతివాటానికి సాకుగా చూపుతారు. కాని దైవగ్రంథాన్ని మనకు ఆచరించి చూపిన ప్రవక్త (స) ఏ స్త్రీ మీదా, ఏ సేవకుని మీదా ఎన్నడూ చెయ్యి చేసుకోలేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (ముస్లిం). భర్త దౌర్జన్యాన్ని చెప్పుకోవడం గీబత్ అవుతుందేమోనని కొందరు సోదరీమణులు భయపడతారు. అదే సూరాలోని 148వ ఆయతు అన్యాయానికి గురైనవారికి నోరు విప్పే అనుమతినిచ్చింది.

ఇక మన బాధ్యత ఏమిటి?

తల్లిదండ్రులు ముందుగా కూతురికి ఆశ్రయం ఇవ్వాలి. గాయాలుంటే వైద్యం చేయించి, ఆ కాగితాలు భద్రపరచాలి. ఇరువైపుల నుంచి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించమని అన్నిసా 35వ ఆయతు చెబుతోంది. అయితే మధ్యవర్తిత్వం సంస్కరణ కోసమే గాని, బాధితురాలిని బెదిరించి పంపడానికి కాదు. ఆమె భయం లేకుండా మాట్లాడగలిగినప్పుడే అది న్యాయమవుతుంది. మస్జిద్ ఇమాములు, మహల్లా పెద్దలు దీన్ని గుర్తుంచుకోవాలి. హాని చేయడానికి భార్యను ఆపి ఉంచడాన్ని అల్‌బఖరా 231వ ఆయతు నిషేధించింది. కనుక సయోధ్య కుదరకపోతే ఖులా మార్గం ఉంది. భర్త క్రూరత్వం కారణంగా కోర్టు ద్వారా నికాహ్ రద్దు కోరే హక్కును 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం కూడా ఇస్తోంది.

ప్రాణానికి ముప్పు ఉంటే పంచాయతీ కోసం ఎదురుచూడకూడదు. 112కు ఫోన్ చేయాలి. మహిళల సహాయవాణి 181. సఖి కేంద్రాలలో తాత్కాలిక వసతి, వైద్య, న్యాయ సహాయం లభిస్తాయి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. 2005 గృహహింస నిరోధక చట్టం అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. దాని కింద మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో నివసించే హక్కు, ఖర్చులు ఇప్పించగలరు. జుల్మ్ నుంచి రక్షణ కోరడం షరీఅత్‌కు విరుద్ధం కాదు.

ఆనాడు చీకట్లో వచ్చిన స్త్రీకి ప్రవక్త (స) గుమ్మం వద్ద న్యాయం దొరికింది. మన గుమ్మాల వద్ద కూడా దొరికేలా చేసే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.